పులికాట్ బోర్డు మీద ‘కిలకిల రావాలు’ అని రాయొచ్చా?

గట్టుమీద కొంగ

అందరికీ నమస్కారం. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు చూడటానికి వచ్చే బడిపిల్లల కోసం ఆరు బోర్డులకు తెలుగు వాక్యాలు తయారవుతున్నాయి. ఒక్కో బోర్డుకు 40 మాటలు దాటకూడదు. మొదటి బోర్డు చిత్తు ఇది:

“శీతాకాలం రాగానే పులికాట్ సరస్సు వలస పక్షుల కిలకిల రావాలతో కలకలలాడుతుంది. నేలపట్టులో గూడబాతుల కలవరాలు మిన్నంటుతాయి.”

అడగాల్సినవి మూడు. కిలకిల రావాలా, కిలకిలారావాలా? కిలకిల, కువకువ, కలరవం మూడూ ఒకటేనా, ఏది ఎక్కడైనా వాడుకోవచ్చా? గూడబాతు (పెలికాన్) అరుపుకు తెలుగులో విడిగా మాట ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. అచ్చయ్యాక దిద్దడం కుదరదు.

ప్రూఫు పెన్సిల్

మిగతావి తర్వాత. ముందు రెండో వాక్యంలో ‘కలవరాలు’ తీసేయండి సార్. కలవరం అంటే గాబరా. మీరు అనుకున్నది కలరవం. ర, వ తారుమారయ్యాయి. గూడబాతులు కంగారు పడుతున్నాయని బోర్డు చదివిన పిల్లవాడు అనుకుంటాడు. ఈ తప్పు పత్రికల్లోనూ తరచుగా దొర్లుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి కంప్యూటరు ఎర్రగీత కూడా వేయదు.

నిఘంటు పురుగు

మొదటి ప్రశ్నకు జవాబు: కిలకిలారావాలు, కలిపి, లా దీర్ఘంతో.

సంస్కృతంలో ‘కిలకిలా’ అని ఆకారాంత స్త్రీలింగ పదం ఉంది. సంతోషంతో చేసే ధ్వని అని దాని అర్థం. దానికి ‘రావం’ చేర్చినా కిలకిలారావమే. ‘ఆరావం’ చేర్చి సవర్ణదీర్ఘం చేసినా కిలకిలారావమే. రవం, రావం, ఆరావం అన్నీ ‘రు’ ధాతువు పిల్లలు. ధ్వని చేయడం అని ఆ ధాతువుకు అర్థం.

తెలుగు కిలకిల హ్రస్వాంతం. అందుకే నోటి మాటలో ‘కిలకిలరావం’ వినిపిస్తుంది. అది ఘోరమైన తప్పేమీ కాదు, రాతలో మాత్రం దీర్ఘమే నిలబడింది. అసలు తప్పు మీరు మధ్యలో పెట్టిన ఖాళీ. ‘రావాలు’ విడిగా నిలబడితే కన్ను దాన్ని ‘రావాలి’ అని చదువుతుంది. బోర్డు రాసే పెయింటరు ఒక్క కొమ్ము మార్చాడంటే ‘పక్షుల కిలకిల రావాలి’ అవుతుంది, అదేదో డిమాండు లాగా.

ఇక కలరవం. ఇక్కడ ‘కల’ నిద్రలో వచ్చే కల కాదు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం నాట్య వర్గంలో ‘ధ్వనౌ తు మధురాస్ఫుటే కలః’ అంటుంది. మధురంగా ఉండాలి, అస్ఫుటంగా ఉండాలి, అంటే అక్షరాలు విడివిడిగా తెలియకూడదు. ఈ రెండు గుణాలూ ఉన్న ధ్వనే కల. కలకంఠం, కలహంస, కలకూజితం అన్నింట్లోనూ ఉన్నది ఇదే కల. ఇంకో విచిత్రం, అదే కోశంలో ‘పారావతః కలరవః కపోతః’ అని ఉంది. అంటే కలరవం అనేది పావురానికి పేరు కూడా. అందుకని కలరవం అనగానే పావురం గొంతు గుర్తు పెట్టుకుంటే చాలు, ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో అదే తెలుస్తుంది.

పులికాట్ పడవ

ఏందబ్బా, గూడబాతుకు కలరవం ఏంది! మధురమూ కాదు, కలా కాదు.

పెద్ద గూడబాతు గూటికి దూరంగా ఉన్నప్పుడు దాదాపు మూగదే. గూటి దగ్గర ముక్కు టకటకలాడిస్తుంది, బుసకొడుతుంది, గుర్రుమంటుంది. అంతే. నేలపట్టులో కడప అనే రకం చెట్ల మీద మీకు వినిపించే గోలంతా పిల్లలది. మేత కోసం అవి కీచుగొంతుతో ఆగకుండా అరుస్తాయి. తల్లి వచ్చి సంచి తెరిచేదాకా ఆపవు.

నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే. వాటికి గొంతు పెగలదు. గూటి మీద రెండు ముక్కు చెక్కల్నీ కొట్టుకుంటాయి. దూరం నుంచి వింటే వెదురు బద్దలు తట్టినట్టు ఉంటుంది. తెలుగులో గొంతు నుంచి వచ్చేది అరుపు లేదా కూత, వస్తువులు తగిలితే వచ్చేది చప్పుడు. కొంగది చప్పుడు. దానికి కిలకిల అని రాస్తే విన్నవాడు నవ్వుతాడు.

పులికాట్ సంగతి. అక్కడికి జనం వచ్చేదే ఫ్లెమింగోల కోసం. గాల్లో ఎగిరేటప్పుడు అవి బాతుజాతి పక్షుల్లాగా బొంగురుగా ‘గ్రాంక్ గ్రాంక్’ అంటాయి. తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి మేసేటప్పుడు మందంతా కలిసి సన్నగా గొణుగుతూ ఉంటుంది. ఇందులో ఎక్కడా కిలకిల లేదు. ‘వలస పక్షుల కిలకిలారావాలు’ అనేది పత్రికల అరలోంచి తీసుకునే రెడీమేడ్ మాట. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడి చెవి పెట్టినవాడు ఆ మాట రాయడు.

నిఘంటు పురుగు

ఒక చిన్న చేర్పు. ఫ్లెమింగోను మనవాళ్లు రాజహంస అంటుంటే కొందరు తప్పు పడుతుంటారు. అమరం రాజహంసకు చెప్పిన లక్షణం ‘చంచుచరణైర్లోహితైః సితాః’, అంటే ఒళ్లు తెలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు. కవుల హంస అసలు ఏ పక్షి అన్న వాదన ఎటు పోయినా, పులికాట్ పక్షికి ఆ పేరు ఎందుకు అతికిందో ఈ వర్ణన చూస్తే తెలుస్తుంది. బోర్డు మీద రాజహంస అనే రాయండి, పక్కన ఫ్లెమింగో అని చిన్నక్షరాల్లో.

ఒంగోలు గిత్త

రెండో ప్రశ్న అసలు ప్రశ్న. ఈ మాటలు ఒకటి కావు. అచ్చు చూస్తే తేడా తెలిసిపోతుంది.

‘ఇ’ ఉన్న మాటలు సన్న గొంతువి: కిచకిచ, కిలకిల, కీచు. పిచ్చుక, ఉడత, కోడిపిల్ల, చంటిబిడ్డ నవ్వు, అన్నీ ఇందులోకి వస్తాయి.
‘అ’ ఉన్నవి నోరు తెరిచి చేసేవి, లేదా గుంపువి: కలకల, గలగల, పకపక.
‘ఉ’ ఉన్నవి గొంతులోపలే తిరిగేవి: కువకువ, గుసగుస, గుడగుడ, గుర్రు.

గిన్నె మీద వేలితో మీటండి. చిన్న గిన్నె ‘కింగ్’ అంటుంది, పెద్ద గంగాళం ‘గాంగ్’ అంటుంది. అది ఎవరూ నేర్పలేదు, చెవే చెప్పింది. పిట్టల మాటల్లోనూ అదే లెక్క.

కువకువలో ఇంకో చమత్కారం ఉంది. పావురం, గువ్వ అరిచేటప్పుడు ముక్కు మూసుకునే ఉంటాయి. గొంతు సంచి ఉబ్బించి లోపలే ధ్వని తిప్పుతాయి. మూసిన నోటి ధ్వని కాబట్టే అందులో ‘ఉ’, ‘వ’ వచ్చాయి. రెండూ పెదవులు దగ్గరికి తెచ్చి పలికేవే. ఒకసారి ‘కువ’ అని పలికి మీ పెదవులు చూసుకోండి.

నెల్లూరు మొలగొలుకులు

అయితే కువకువ పావురాలకే పరిమితమా అన్నా? తెల్లారుజామున చెట్టు మీద పిట్టలు లేచే చప్పుడును కూడా కువకువ అంటాం కదా. పావురం లేని చెట్టుకు కూడా.

ఒంగోలు గిత్త

అంటాం తమ్ముడూ, అది తప్పు కాదు. గూటిలో కళ్లు తెరవకుండా, రెక్కలు సర్దుకుంటూ లోలోపల చేసే ధ్వని అది. పూర్తిగా గొంతు విప్పనిది. ఇంకాస్త వెలుగొచ్చి కొమ్మ మీద కూర్చుని గొంతు విప్పితే అది కిలకిల. అన్నం మెతుకుల మీద పడి కొట్టుకుంటే కిచకిచ. ఒకే చెట్టు, అవే పిచ్చుకలు, మూడు మాటలు.

పాకనాటి పంతులు

గిత్త గారితో కొంచెం పేచీ. కిలకిలకూ కిచకిచకూ తేడా వెలుగు వల్ల కాదు, ఆనందం వల్ల. తెలుగులో కిలకిల మొదట నవ్వు మాట. ‘కిలకిలా నవ్వింది’ అంటాం. పకపక గట్టి నవ్వు, ఇకఇక వెటకారపు నవ్వు, కిలకిల ముద్దొచ్చే నవ్వు. ఆ ముద్దు పిట్టలకు కూడా అంటుకుంది. అందుకే కిలకిల అని రాస్తే పిట్టలు సంతోషంగా ఉన్నాయని ఒప్పుకున్నట్టే. పామును చూసి అరిచే పిట్టలకు కిలకిల పనికిరాదు.

కిచకిచలో ఆ బరువు లేదు. కోతులు కిచకిచమంటాయి, ఉడత కిచకిచమంటుంది, పిచ్చుకలు గొడవపడుతూ కిచకిచమంటాయి. కావాలంటే ఒక పరీక్ష: మాట తీసి అక్కడ ‘నవ్వుతున్నట్టు’ అని పెట్టి చూడండి. వాక్యం నిలబడితే కిలకిల, పడిపోతే కిచకిచ.

ఒంగోలు గిత్త

సరే, నవ్వు పరీక్ష ఒప్పుకుంటున్నా పంతులు గారూ. వెలుగు లెక్క వెనక్కి.

ప్రూఫు పెన్సిల్

ఇప్పుడు మళ్లీ నా వంతు. ఈ మాటల్లో అచ్చుతప్పులు ఎక్కడెక్కడ పడతాయో చెబుతాను. చిత్తులో ఉన్నవి, బయట కనిపించేవి కలిపి.

మొదటిది కలకల, కళకళ. సందడి, రొద అయితే ల. కాంతి, కళ అయితే ళ. ‘పెళ్లివారితో ఇల్లు కళకళలాడింది’ అన్నది కళ వల్ల వచ్చినది. మీ మొదటి వాక్యంలో సరస్సు అందంగా ఉందని చెప్పాలంటే కళకళ, మోగుతోందని చెప్పాలంటే కలకల. మీరు ‘రావాలతో’ అన్నారు కాబట్టి కలకల సరిపోయేదే, కానీ ఎవరూ దాన్ని అలా చదవరు. తప్పు పడిందనుకుని పెయింటరే ళ చేస్తాడు.

రెండోది కలకలం. అమరంలో ‘కోలాహలః కలకలః’ అని ఉంది, అంటే గుంపు సందడి. కానీ ఈనాటి వార్తల తెలుగులో కలకలం అంటే అలజడి, భయం. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు శీర్షికల్లో ఈ మాట ఎలా పనిచేసిందో తలుచుకుంటే చాలు. ‘పక్షుల కలకలం’ అని బోర్డు పెడితే జనం మాస్కు కోసం వెతుక్కుంటారు. అర్థం పాతదైనా వాడుక కొత్తది. చదివేవాడు కొత్తదే చదువుతాడు.

మూడోది విడగొట్టడం. కిల కిల, కువ కువ, టక టక అని విడివిడిగా రాయకూడదు. ‘కువ’ ఒక్కటే తెలుగు మాట కాదు, రెండూ కలిసి ఒక మాట. పంక్తి చివర కూడా మధ్యలో తెగకూడదు. ‘కావు కావు’ లాంటివి విడిగా ఉండొచ్చు, అక్కడ ‘కావు’ ఒక్కసారి అన్నా అర్థం ఉంది.

నాలుగోది ఒక్కసారి, పదేపదే. ఇది చాలామంది పట్టించుకోరు. ఒక్కసారి జరిగే దానికి ‘ఉన’ రూపం, లేదా ఒంటి మాటకు ‘మని’: కెవ్వున, తుర్రున, రివ్వున, కీచుమని. ఆగకుండా జరిగే దానికి జంట: కిచకిచ, టకటక, టపటప. ‘పిట్ట ఒక్కసారి కిలకిలమంది’ అంటే చెవికి తేడా కొడుతుంది, ఎందుకంటే జంట మాటలోనే ‘పదేపదే’ దాగుంది. దీర్ఘం చేస్తే, కిలకిలా, టపటపా అని, పని ఇంకా సాగుతున్నట్టు.

నెల్లూరు మొలగొలుకులు

రెక్కల మాటలు కూడా ఎవరైనా చెప్పండి. బోర్డుల్లో ఎగరడం కూడా ఉంటుంది కదా.

పులికాట్ పడవ

పిచ్చుక తుర్రుమంటుంది. లకుముకి రివ్వున పోతుంది, బాణంలాగా. చిల్లచెట్ల కింద మేసే కౌజులు అడుగు దగ్గరికి వచ్చేదాకా కదలవు, ఆ తర్వాత బుర్రున లేస్తాయి. పావురాలు టపటపలాడిస్తూ లేస్తాయి. గూడబాతు వీటిలో ఏదీ చేయదు. అది బరువైన పక్షి, నీళ్ల మీద కాళ్లతో తన్నుకుంటూ పరిగెత్తి గాల్లోకి లేస్తుంది. అక్కడ ‘రివ్వున’ రాస్తే బాగుండదు. ‘నీళ్లు చిమ్ముకుంటూ లేస్తుంది’ అని మామూలుగా రాస్తే చాలు, ప్రతిదానికీ జంట మాట అక్కర్లేదు.

పాకనాటి పంతులు

క్రియల గురించి ఎవరూ మాట్లాడలేదు. కోడి కూస్తుంది, కోయిల కూస్తుంది, కాకి అరుస్తుంది, చిలుక పలుకుతుంది, నెమలి కేకవేస్తుంది. ‘చిలుక కూసింది’ అంటే వినడానికే ఎబ్బెట్టు. చిలుకది మనిషి మాటను పోలిన పలుకు, అందుకే ఆ గౌరవం. పెద్ద రాతల్లో నెమలికి క్రేంకారం అని కూడా వాడతారు. అమరం ‘కేకా వాణీ మయూరస్య’ అంటుంది, కేకా అంటే నెమలి గొంతు. నెమలికి కేకి అనే పేరు అక్కడిదే.

‘కూత’ తెలుగులో చాలా దూరం నడిచిన మాట. చడుగుడులో ఊపిరి బిగబట్టి పెట్టేది కూత. రైలు వేసేది కూత. ఇంటికి దగ్గరగా ఉన్న ఊరు కూతవేటు దూరం, అంటే గొంతెత్తి పిలిస్తే వినపడేంత. కోపం వస్తే ‘ఏం కూశావ్’, అసభ్యమైతే కారుకూతలు. అందుకని మనుషులకు ఈ మాట తగిలించేటప్పుడు జాగ్రత్త. పక్షికి కూత సహజం, మనిషికి తిట్టు.

గుంపుగా గూటికి చేరే సాయంకాలపు ధ్వనికి మాత్రం ‘రొద’ మేలు. గోరువంకలు, కాకులు మర్రి మీద చేరినప్పుడు అది తియ్యగా ఉండదు. కిలకిల అని అబద్ధం చెప్పనక్కర్లేదు.

కందుకూరు కలం

పిల్లల బోర్డు అంటున్నారు కాబట్టి ఒక దిద్దుబాటు ముందే. కోయిల బొమ్మ పక్కన ‘కోయిలమ్మ పాడుతోంది’ అని రాయకండి. వేసవిలో ‘కు-ఊ’ అని పైస్థాయికి ఎక్కుతూ కూసేది మగది, నల్లది. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, దాని గొంతు ‘కిక్-కిక్-కిక్’ అని గరుకుగా, గబగబా. పాటల్లో అమ్మగానే ఉండనీయండి, బోర్డులో మాత్రం ‘మగ కోయిల కూస్తుంది’ అని రాయండి.

గట్టుమీద కొంగ

ఇంత వస్తుందనుకోలేదు. ఇంకొక్కటి. నాలుగో బోర్డులో ఆరు పక్షుల కూతల్ని అక్షరాల్లో రాయాలి, పిల్లలు చదివి అనుకరించేలా. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నట్టు ‘డిడ్ హి డు ఇట్’ అని తీతువు పిట్టకు రాశారు. దాన్ని తెలుగు అక్షరాల్లో పెడితే పిల్లలకు ఏమీ అర్థం కావట్లేదు.

కందుకూరు కలం

అర్థం కాదు. అది ఇంగ్లీషువాడు తన భాషలో విన్నది. మన చెవి వేరే విన్నది. సంస్కృతంలో ఆ పక్షి పేరే టిట్టిభం, దాని అరుపే దాని పేరు. ‘టిట్-టిటీ-టిట్’ అని రాయండి, పిల్లవాడు చదవగానే నిజం పిట్టకు దగ్గరగా వస్తుంది.

రాసే పద్ధతి ఇది. రికార్డింగు ఒకటి దగ్గర పెట్టుకుని ముందు ఒక్క విడతలో ఎన్ని దెబ్బలున్నాయో లెక్కపెట్టండి. తర్వాత ఏ దెబ్బ పొడవో గుర్తించండి: పొట్టిదైతే హ్రస్వం, రెట్టింపైతే దీర్ఘం, ఇంకా సాగితే దీర్ఘం పక్కన అదే అచ్చు ఇంకోటి. ఆ తర్వాత గొంతు ఎక్కుతోందా దిగుతోందా అనేది చిన్న బాణంతో చూపండి, అక్షరాల్లో అది రాదు. చివరగా హల్లు. గొంతు కొట్టినట్టు తెగితే క్, ట్ తో ముగించండి. మెల్లగా ఆరిపోతే అచ్చుతోనే వదిలేయండి.

జెముడుకాకి: ఊప్-ఊప్-ఊప్, ఒకే స్థాయిలో, లోతుగా. ఖాళీ డబ్బాలోంచి వచ్చినట్టు.
మగ కోయిల: కు-ఊ, పైకి బాణం.
పిచ్చుక: చిప్-చిప్, ఒక్కోటి పొట్టిగా.
రామచిలుక: కీఅక్, గీరినట్టు.
కాకి: కావ్, దీర్ఘం ఒకటే.

సాధారణంగా జరిగే తప్పేంటంటే, రాసేవాడు అన్ని పక్షులకూ ‘కూ’, ‘కీ’ అని పెట్టి ఊరుకుంటాడు. ఆరు పక్షులు ఒకే గొంతుతో అరిచినట్టు ఉంటుంది. ఇంకో తప్పు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు గుప్పించడం. మూడో తరగతి పిల్లవాడు ‘క్ర్వీక్క్’ చదవలేడు.

నిఘంటు పురుగు

కలం గారు మాత్రల దగ్గరికి వచ్చారు కాబట్టి ఆగలేక చెబుతున్నా. మన వ్యాకరణం మాత్రల్ని పక్షులతోనే కొలిచింది. పాణినీయ శిక్షలో ఉంది: ‘చాషస్తు వదతే మాత్రాం ద్విమాత్రం త్వేవ వాయసః, శిఖీ రౌతి త్రిమాత్రం తు నకులస్త్వర్ధమాత్రకమ్’. చాషం అంటే పాలపిట్ట, దానిది ఒక మాత్ర. కాకిది రెండు. నెమలిది మూడు. ముంగిసది అర మాత్ర. పాలపిట్ట ‘చక్’ అని తెంపేస్తుంది, కాకి ‘కావ్’ అని రెండు, నెమలి సాగదీస్తుంది. విని రాసినవాళ్లే ఇలా రాయగలరు.

అష్టాధ్యాయిలో హ్రస్వ దీర్ఘ ప్లుతాల్ని, అంటే ఒకటి, రెండు, మూడు మాత్రల అచ్చుల్ని చెప్పే సూత్రం ‘ఊకాలోఽజ్ఝ్రస్వదీర్ఘప్లుతః’. ఆ మూడింటినీ చూపడానికి ఉకారాన్నే ఎందుకు తీసుకున్నారంటే కోడిపుంజు కూతలో ఉ, ఊ, ఊ౩ వరసగా వినిపిస్తాయి కాబట్టి అని వ్యాఖ్యానాల సంప్రదాయం.

నాలుగో బోర్డు కింద ఒక మూల ‘పాలపిట్ట 1, కాకి 2, నెమలి 3’ అని పెట్టండి. తెలుగు మాస్టార్లు దండం పెడతారు.

పులికాట్ పడవ

పేర్లలో అరుపు దాచుకున్న పక్షులు మనకు చాలానే ఉన్నాయి. కాకి, కోకిల, కుక్కుటం, తిత్తిరి, గూబ. కలివికోడి మాత్రం వీటిలో చేరదు, దానికి పేరు కలివి పొదల నుంచి వచ్చింది. ‘క్విక్-కూ’ అని రెండు దెబ్బల గొంతు, చీకటి పడ్డాక కొద్దిసేపే. 1900 తర్వాత ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల వైపు మళ్లీ కనిపించింది. దాన్ని ముందుగా గుర్తించిన జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసినవాడు. ఇక్కడి యానాదుల దగ్గర పక్షుల తెలుగు పేర్లు రాసుకున్నాడు. మన పిట్టల మాటలు నిఘంటువుల్లో కంటే వాళ్ల నోట్లోనే ఎక్కువ. బోర్డు రాసేవాళ్లు ఒకసారి ఆ వైపు కూడా వెళ్లి అడగడం మంచిది.

ప్రూఫు పెన్సిల్

ఒక్కమాట: కలివికోడిని ఈ బోర్డుల్లో పెట్టకండి, పులికాట్ పక్షి కాదు. చర్చ బాగుంది కదా అని అన్నీ తెచ్చి 40 మాటల్లో కుక్కకూడదు.

జోడీల గురించి కూడా చెప్పేస్తా. పిట్ట తెలుగు మాట, పక్షి సంస్కృతం. పిట్టల కిలకిల, పక్షుల కలరవం బాగా కలుస్తాయి. ‘పిట్టకలరవం’ అని సమాసం చేస్తే వైరిసమాసం, అంటే తెలుగు మాటకు సంస్కృతం అతికించిన తప్పు. ‘విహంగాల కిచకిచ’ తప్పు కాదు గానీ పట్టుపంచె మీద లుంగీ చుట్టినట్టు ఉంటుంది. పిట్ట అంటే చిన్నదనే ధ్వని కూడా ఉంది కాబట్టి గూడబాతును పిట్ట అనకండి.

గట్టుమీద కొంగ

మొదటి బోర్డు మళ్లీ రాశాం. చూడండి.

“అక్టోబరు నుంచి మార్చి దాకా రాజహంసలు పులికాట్ నీళ్లలో మేస్తాయి. చెవి పెట్టండి, మందంతా సన్నగా గొణుగుతూ ఉంటుంది. నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతు పిల్లలు మేత కోసం కీచుమంటాయి. కొంగల ముక్కులు టకటకలాడతాయి. పొదల్లో చిన్న పిట్టల కిలకిల.”

పాకనాటి పంతులు

చాలా మెరుగు. కలవరాలు, మిన్నంటడం పోయాయి, హాయిగా ఉంది. చివరి వాక్యానికి క్రియ లేకపోవడం కూడా బాగుంది.

పులికాట్ పడవ

ఆ రెండు చోట్లూ 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి పోయాయి. పాత బోర్డు చూసి కింద ‘నెల్లూరు జిల్లా’ అని రాసేయకండి.

ప్రూఫు పెన్సిల్

కీచుమంటాయి అంటే ఒక్కసారి. పైన పడవ గారు ‘ఆగకుండా’ అన్నారు. ‘కీచుకీచుమంటాయి’ చేయండి. ఇంకొకటి, చెవి పెట్టండి తర్వాత కామా తీసి చుక్క పెట్టండి. పిల్లవాడు అక్కడ ఆగాలి.

గట్టుమీద కొంగ

రెండూ మార్చాం. ‘టకటకలాడతాయి’ ఒక్క పంక్తిలోనే పట్టేలా పలక వెడల్పు కూడా పెంచమన్నాం.